సున్నా బైట్లు

ముప్పై ఒక్క శాతం. ఇక్కడికొచ్చేసరికి స్కాను ఎప్పుడూ కాస్త నసుగుతుంది, ఇక్కడ ఫొటోలుంటాయి, అక్క కుట్టిన ప్రతి బ్యాడ్జీనీ ఫొటో తీసి దాచుకుంటుంది, స్కూలు పిల్లల జేబుల మీదికి వెళ్ళే చిహ్నాలు, నర్సుల పేరు పట్టీలు, సెక్యూరిటీ వాళ్ళ భుజాల మీది డేగలు, ఒక్కో డేగకి పదకొండు ఫొటోలు, ఒక్కటీ తీసెయ్యనివ్వదు. ఆకుపచ్చ గీత పాకుతూంటే చూస్తూ కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది గానీ, ఇరవై రెండేళ్ళుగా ముప్పాతిక మువ్వీసం నేను చేస్తున్నది అదే, ఎవరి ఆఫీసులోనో ఎవరి కుర్చీలోనో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ, గీత చివరిదాకా పోతుందా మధ్యలో బిక్కచచ్చిపోతుందా అని చూడటం. ఇవాళ కుర్చీ అక్కది. టీ అక్కది. టైము పది నలభై. పన్నెండు లోపల ఈ కంప్యూటరు శుభ్రంగా ఉందని రిపోర్టు పంపకపోతే యూనిఫారాల కంపెనీ అక్క దగ్గర డిజైన్లు తీసుకోదు, ఈ నెలా తీసుకోదు, వచ్చే నెలా తీసుకోదు. పోయిన నెల ఎవరిదో పెన్‌డ్రైవు నుంచి వాళ్ళ మిషన్లన్నిటికీ వైరస్ ఎక్కిందట, రెండు రోజులు పని ఆగిందట, అప్పట్నుంచీ బయట పనిచేసే వాళ్ళందర్నీ దొంగల్ని చూసినట్టు చూస్తున్నారు. వాళ్ళు అడిగేది రెండు సున్నాలు. దొరికిన వైరస్‌లు సున్నా, స్కానులో లోపాలు సున్నా. మొదటి సున్నా నిన్న సాయంత్రమే వచ్చింది. రెండోది రానంటోంది. లోపాలు ఒకటి, ఒక ఫోల్డరు తెరవలేకపోయాము, అనుమతి లేదు. నిన్న రెండుసార్లూ అదే మాట. ఇది మూడోసారి. ఇప్పుడూ అదే అంటే డిస్కంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించేస్తాను, ఫార్మాట్ కొట్టాక ఇంక లోపమెక్కడిది, దానికి కావలసిన పెన్‌డ్రైవు చొక్కా జేబులోనే ఉంది, అక్క డిజైన్లూ డేగలూ పొద్దున్నే బయటి డిస్కులోకి కాపీ చేసేశాను. కాపీ మధ్యలో ఒకచోట ఆగి, ఈ ఫోల్డరు కాపీ కావడం లేదు, మళ్ళీ ప్రయత్నించనా వదిలెయ్యనా అని అడిగింది. వదిలెయ్ అన్నాను. ఎప్పుడూ అదే అంటాను.

ఠంగ్ ఠంగ్. వరండాలోంచి. రెండు దెబ్బలంటే ఒకసారి ఇటు రా అని. స్టీలు గ్లాసు అంచు మీద చెంచాతో కొడతాడు బావ, మూడు దెబ్బలంటే ఎవరొచ్చారు, ఏమైంది అని, ఒక్కటే అయితే సరే అని, ఎడాపెడా వాయిస్తే కోపం. వెనక గదిలో అక్క ఎంబ్రాయిడరీ మిషను దడదడలాడుతోంది కాబట్టి మొదటి రెండూ వినపడవు, మళ్ళీ ఠంగ్ ఠంగ్, ఈసారి కాస్త గట్టిగా, మిషను ఆగింది, అక్క చెప్పులు ఈడ్చుకుంటూ నా వెనక నించి వెళ్ళింది, "ఏంటండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంటూ. తెల్ల పలక మీద మార్కరు కీచుమన్న చప్పుడు. "ఇంకా టైముంది మాత్రకి. తినకుండా వేసుకోకూడదన్నారు డాక్టరు" అని అక్క. ఒక దెబ్బ. ఠంగ్. సరే. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో కాపురం ఇలాగే జరుగుతోంది. బావ కంఠంలో మాట పుట్టే పెట్టెని కోసి తీసేశారు, మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద అక్క కుట్టిన మెత్తటి గుడ్డ, రోజుకో రంగు, ఇవాళ నీలం. బ్యాటరీతో మాట్లాడే పరికరం ఒకటిచ్చారు ఆసుపత్రిలో, గొంతుకి ఆనించి పెదవులు కదిపితే బుర్రుమని మరమనిషి మాట వస్తుంది. ఒక్కరోజు వాడి అట్టపెట్టెలో పడేశాడు. దానికంటే చెంచా నయం అని పలక మీద రాశాడు. ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను, నవ్వాను కూడా.

నలభై నాలుగు శాతం. బావ బస్‌స్టాండులో అనౌన్సరు మరి. ఇరవై ఆరేళ్ళు ఆ గాజు గదిలో, ముందు మైకు, పక్కన రిజిస్టరు, దాన్లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తే ఏం చెప్పాలో అంకెలు వేసి రాసుకున్న వాక్యాలు, ఒకటో వాక్యం బస్సు బయల్దేరుతోంది, రెండో వాక్యం ఆలస్యం, పదకొండో వాక్యం పిల్లవాడు తప్పిపోయాడు. అంకె చూసి వాక్యం చదివేవాడు, రాగం తియ్యడు, ఊపిరి ఆపడు, అయినా స్టాండు చివర పల్లీలమ్మేవాడికి కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినపడేది. నేను చదువుకునే రోజుల్లో పెళ్ళిచూపులకని ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగితే మా అమ్మ ఉలిక్కిపడి, ఈ గొంతు నేనెక్కడో విన్నాను అంది, ఆవిడ ఆ ఉదయమే ఆ స్టాండులో బస్సు దిగింది. ఆయన గొంతు రికార్డు చేసినవాడు లేడు. అవసరమేముంది, రోజూ ఉండేదే కదా. రికార్డింగులొచ్చాక ఎవరో ఆడమనిషి చల్లటి గొంతు పెట్టారు స్టాండులో, బావని టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పెళ్ళి వీడియో ఒకటుంది గానీ ఆ వీడియోగ్రాఫరు మహానుభావుడు మొదట్నుంచి చివరిదాకా పాటలు అతికించాడు, బావ నోరు తెరిచి ఏదో అంటాడు, అక్క తలదించుకుని నవ్వుతుంది, వెనకాల వయొలిన్లు. ఆపరేషనయిన ఏడాదికి అక్క నన్నడిగింది, ఒరేయ్, ఆ పాట తీసేస్తే కింద మాట ఉంటుందేమోరా. ఉండదక్కా, పాట దాని మీద వెయ్యలేదు, దాన్ని తీసేసి పాట వేశారు అన్నాను. అప్పుడు తను ఏమందో గుర్తులేదు.

యాభై రెండు, యాభై మూడు, ఆగింది. వచ్చింది మహాతల్లి. ఎర్ర త్రిభుజం, లోపల ఆశ్చర్యార్థకం. ఈ ఫోల్డరు స్కాన్ చెయ్యలేకపోయాము. కింద దాని చిరునామా, న్యూ ఫోల్డర్ 2. ఇలాంటివి ప్రతి కంప్యూటరులో డజను ఉంటాయి, ఎవరో ఎందుకో మౌసు నొక్కుతారు, కొత్త ఫోల్డరు పుడుతుంది, పేరు పెట్టరు, పట్టించుకోరు. వివరాలు తెరిచాను. సైజు సున్నా బైట్లు. లోపల సున్నా ఫైళ్ళు. టీ గ్లాసు తీసుకుపోవడానికొచ్చిన అక్క నా భుజం మీంచి తొంగిచూసింది.

"ఏంటట దాని బాధ?"

"ఒక ఫోల్డరు లోపలికి వెళ్ళనివ్వడం లేదక్కా. ఎవరో గడియ పెట్టారు దానికి."

"సున్నా అంటోందిగా. ఖాళీదానికి గడియేంటి, తీసిపారెయ్. నీ పుణ్యముంటుంది, ఆ కాగితమేదో పన్నెండు లోపల పంపించు, ఆ సూపర్‌వైజరు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు."

తీసిపారెయ్యడం నిమిషం పని కూడా కాదు. మా పనిలో దీనికో తేలిక దారి ఉంది, అందరం చేస్తాం, ఎవరం చెప్పం. ఫలానా ఫోల్డరు వైపు చూడకు అని యాంటీవైరస్‌కి చెప్పేస్తే సరి, అది చూడదు, చూడలేదు కాబట్టి లోపమూ ఉండదు, రిపోర్టులో సున్నా వచ్చి కూర్చుంటుంది. ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని సున్నాలు ఇలా పుట్టించానో. నిన్నే ఆ పని చేసి చేతులు దులుపుకుని పోయేవాణ్ణి, ఎందుకు చెయ్యలేదంటే అక్క అని. ఊళ్ళోవాళ్ళకి పనికొచ్చే సున్నా అక్కకి వద్దనిపించింది, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. కానీ ఇప్పుడు పది యాభై ఎనిమిది. ఫార్మాట్ కొట్టి అన్నీ ఎక్కించి మళ్ళీ స్కాన్ చెయ్యాలంటే ఈపాటికి మొదలుపెట్టాలి. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాను, మూత తీశాను, మూత చేతిలో ఉండగానే కన్ను అలవాటుగా ఇంకో గడిలోకి పోయింది, ఈ ఫోల్డరు పుట్టిన తేదీ. నాలుగేళ్ళ కిందటిది. నెల, రోజు. ఆ తేదీ నాకు తెలుసు. దాని మర్నాడు బావకి ఆపరేషను.

తెలుసంటే ఎందుకు తెలుసంటే ఆ మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్ళలేదు కాబట్టి. ఒక మందుల గోడౌనులో సర్వరు పడిపోయింది, నలభైమంది చేతులు కట్టుకు కూర్చున్నారు, నన్ను వదల్లేదు, ఆరో రోజుకి గానీ కుదర్లేదు, ఆరో రోజున వెళ్ళేసరికి బావ ముక్కులో గొట్టంతో కూర్చుని నన్ను చూసి చెయ్యెత్తాడు. ఆ గోడౌనులోనే ముందురోజు నిచ్చెనెక్కి పైకప్పు పలకల్లోంచి కేబులు లాగుతున్నాను, నోట్లో టేపు ముక్క, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య. అవతల బావ, ఏరా బావమరిదీ, ఒక ఫోల్డరుకి తాళం వెయ్యడం ఎలా అని. అదే గొంతు, ప్రతి అక్షరం విడివిడిగా, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టు. నేను చెప్పాను. కుడి బటను నొక్కు, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అక్కడ పేర్లుంటాయి, పక్కన రెండు వరసల గడులుంటాయి, రెండో వరస వద్దనేవాళ్ళకి. ఎవరికి టిక్కు పెట్టమంటావు అని అడిగాడు. నోట్లో టేపుంది. అందరికీ పెట్టెయ్ బావా అన్నాను. నీకు తప్ప అని కూడా అన్నాననుకుంటాను. అనుకుంటాను అంతే, ఒట్టేసి చెప్పలేను. ఎందుకు బావా తాళం అని అడగలేదు. సరే మరి, రేపు పొద్దున్నే కదా అన్నాడు. ఆల్ ద బెస్ట్ బావా అన్నాను. ఆ మనిషి గొంతు నేను ఆఖరిసారి విన్నది అదే, నిచ్చెన మీద, టేపు కొరుక్కుంటూ.

నెమ్మదిగా, నెమ్మదిగా. ఇది ఉత్తి ఖాళీ ఫోల్డరు కూడా కావచ్చు. తాళం వెయ్యడం నేర్చుకోడానికి చేసుకున్నది కావచ్చు. మానిటరు చెవికి వేలాడుతున్న హెడ్‌ఫోన్ చూశాను, దాని మైకు ఊచ మీద దుమ్ము, అది నేను కొనిచ్చిందే, చవకరకం. ఆపరేషనుకి వారం ముందు బావ తెప్పించుకున్నాడు. వీడియో కాల్‌కి అనుకున్నాను. బావ ఎన్నడూ ఎవరితోనూ వీడియో కాల్ మాట్లాడినవాడు కాదు, పైగా ఈ కంప్యూటరుకి కెమెరానే లేదు, మరి నాకు వీడియో కాల్ అని ఎలా తోచిందో. మైకు తెప్పించుకునేది గొంతు పట్టుకోడానికే కదా. ఫోన్ తీశాను. బావతో నా సందేశాలు, పైకి తోస్తూ పోయాను, పండగల బొమ్మలు, నా చేతిలో పని ఎక్కువగా ఉంది అనే మాట ఎన్నిసార్లు రాశానో, ఇంకా పైకి, మూడేళ్ళు, మూడున్నర, ఆగు. ఉంది. ఇది తెరుచుకోవడం లేదు, ఒకసారి చూడు. కింద ఫొటో, ఫోన్‌తో తీసిన తెర, ఏటవాలుగా, గాజు మీద బావ వేళ్ళ నీడ, మెడ కట్టు తెల్లగా మెరిసింది కూడా. న్యూ ఫోల్డర్ 2. సైజు సున్నా. దాని కింద నా జవాబు, మూడు నిమిషాల తర్వాత. ఖాళీ ఫోల్డరు బావా, అందులో ఏం లేదు. దాని కింద ఒక్క ముక్క. సరే. ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజు గులాబీ బొమ్మ, శుభోదయం.

సున్నా అంటే ఖాళీ అని కాదు. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పి ఉంటాను, పనిలో చేరిన కొత్తవాళ్ళకి మొదటి వారంలోనే చెబుతాను, ఒరే నాయనా, లోపలికి వెళ్ళనివ్వని గదిలో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టమంటే కంప్యూటరు సున్నా అంటుంది, నమ్మకండి అని. నాకు తెలుసు. ఆ రోజూ తెలుసు. ఫొటో తెరిచి చూస్తే తెలిసిపోయేది, తెరవలేదు, పైకి కనబడుతున్న చిన్న ముక్కలో సున్నా కనబడింది, జవాబిచ్చేశాను, అలా ఇచ్చేస్తే వాళ్ళు మళ్ళీ అడగరు. బావ అడగలేదు. అడగడానికి గొంతూ లేదు, రాసి అడగొచ్చు, రాయలేదు, కంప్యూటరు తెలిసిన బావమరిది ఏం లేదు అన్నాక ఏం ఉంటుంది. నాలుగేళ్ళు ఈ వరండాలో కూర్చుని గ్లాసు మీద చెంచాతో కొడుతూ, తను దాచిందేదో తన చేత్తోనే పాడుచేసుకున్నాననుకుంటూ ఉన్నాడు. నాకు సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత, ఒంటరిగా ఉండగా, ఎవరూ చూడకుండా సిగ్గేసింది.

పదకొండు ఏడు. ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది, దాచడమెందుకు, అదే ముందు తట్టింది. పెన్‌డ్రైవు మూత తీసే ఉంది. గుచ్చి, ఫార్మాట్ అంటే, న్యూ ఫోల్డర్ 2 ఉండదు, న్యూ ఫోల్డర్ 1 ఉండదు, బావ పోయిందనుకున్నది నిజంగా పోతుంది, అక్కకి అలాంటిదొకటి ఉండేదనే తెలీదు, రిపోర్టులో రెండు సున్నాలు, అక్క నాకు భోజనం పెట్టి పంపిస్తుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఒక విధంగా చూస్తే. నా పరువు కూడా దక్కుతుంది, ఈ ఇంట్లో నాకున్న పరువల్లా ఈ ఒక్క పనిలోనే కదా. తెరిచానంటే చెప్పాలి. తెరిస్తే అక్కడ తేదీ ఉంటుంది, తేదీ పక్కన నా సందేశం ఉంటుంది. ఒరేయ్, ఆ పాట కింద మాట ఉంటుందేమోరా అని అక్క అడిగినప్పుడు ఆ మాట ఈ గదిలో, ఈ డబ్బాలో, తను రోజూ డేగలు దాచుకునే డిస్కులోనే ఉంది. తను దాని ముందే కూర్చుని పనిచేసుకుంటోంది. నేను ఉండదక్కా అన్నాను. వెనక గదిలో మిషను దడదడ, దడదడ, ఆగి, మళ్ళీ దడదడ. సూది విరిగినట్టుంది, అక్క ఏదో గొణిగింది. మూత మళ్ళీ పెన్‌డ్రైవుకి పెట్టి జేబులో వేసుకున్నాను. ఇదంతా రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కుడి బటను, ప్రాపర్టీస్, సెక్యూరిటీ. నేను నిచ్చెన మీంచి చెప్పిన మెట్లే, వరసగా. పేర్ల గడిలో మొట్టమొదట అందరూ. ఎదురుగా రెండో వరస, పైనించి కిందికి, ఆరు గడులకీ ఆరు టిక్కులు, ఒక్కటీ వదల్లేదు, రిజిస్టరు రాసే మనిషి కదా. చదవడం వద్దు, రాయడం వద్దు, చూడటం వద్దు, అందరికీ. ఆ అందరిలో తనూ ఉంటాడని ఆయనకెలా తెలుస్తుంది. యాంటీవైరస్ ఉంటుంది, కంప్యూటరు ఉంటుంది, తలుపు వేసినవాడూ ఉంటాడు. కింద యజమాని అని ఇంకో గడి, అందులో బావ పేరే ఉంది చెక్కుచెదరకుండా, యజమాని కాబట్టి ఆ టిక్కులు తనే ఎప్పుడైనా తీసెయ్యొచ్చు, దానికి నాలాంటివాడు అక్కర్లేదు, పరికరాలక్కర్లేదు, ఈ ఆరు గడుల మీద ఆరుసార్లు మళ్ళీ నొక్కు బావా అని ఎవరైనా ఒక్క వాక్యం రాస్తే చాలు. ఒకటి తీశాను. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. సరే అన్నాను. చిన్న కిటికీ లేచి పేర్లు జరజరా దొర్లాయి, ఆగిపోయాయి. సైజు గడిలో సున్నా పోయి అంకెలొచ్చాయి. నూట ఇరవై ఆరు ఫైళ్ళు.

ముందు స్కాన్ చేశాను. అలవాటు, ఏం చేస్తాం. ఆ ఒక్క ఫోల్డరు, పన్నెండు సెకన్లు, వైరస్‌లు సున్నా, లోపాలు సున్నా. తర్వాత మొత్తం డిస్కు మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఎక్కడా ఆగదని, ఒకసారి చూసినవాటిని తొందరగా దాటేస్తుందని తెలుసు. అప్పుడు జాబితా చూశాను. అన్నీ ధ్వని ఫైళ్ళే, ఒక్కోటి రెండు సెకన్లు, మూడు సెకన్లు. నేను పెద్ద ప్రసంగమేదో ఉంటుందనుకున్నాను, నా తర్వాత అని మొదలయ్యేది, అలాంటివి ఒకరిద్దరు కస్టమర్ల కంప్యూటర్లలో చూశాను కూడా. ఇంత చిన్న ముక్కలేంటి. అన్నిటికంటే కింద ఒక నోట్‌ప్యాడు, తెరిచాను. అంకెలు వేసి రాసిన జాబితా, బస్‌స్టాండు రిజిస్టరులాగే.

ఒకటి, ఏమే, ఒకసారి ఇటు రా. రెండు, టీ పెట్టావా. మూడు, ఎవరొచ్చారు. నాలుగు, కరెంటు పోయింది, ఉండు, కదలకు. ఐదు, నేనేం అనలేదు. ఆరు, సరేలే, నువ్వే రైటు. పన్నెండు, కళ్ళజోడు నీ తల మీదే ఉంది. ఇరవై, మిషను ఆపి తిను. ముప్పై మూడు, బాగుంది. ముప్పై నాలుగు, బాగాలేదు గానీ తింటాను. డెబ్బై, మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి, పాపం పని ఎక్కువట. నూట పద్దెనిమిది, ఏడవకు. నూట ఇరవై ఆరు, ఉత్త దగ్గు, నేను ఇంట్లో ఉన్నానని తెలియడానికి.

డెబ్బయ్యో వాక్యం రెండుసార్లు చదివాను. మిగతావి ఒక్కొక్కసారే. మాట ఉంటుందో పోతుందో డాక్టర్లు తేల్చని ఆ వారంలో, అక్క ఆసుపత్రి కాగితాల కోసం తిరుగుతున్నప్పుడు, ఈ కుర్చీలో కూర్చుని, ఆ చవకరకం మైకు నోటి దగ్గర పెట్టుకుని, మిగిలిన కాపురానికి ఎన్ని వాక్యాలు కావాలో లెక్కేసుకుని ఒక్కోటీ చదివాడు. ముందే వింటే అక్క తట్టుకోలేదని తాళం వేశాడు. పోతే వాడుకుందాం, పోకపోతే చెరిపేద్దాం, అంతే ఆయన లెక్క. లెక్క తప్పలేదు, తాళం తప్పింది, తాళం నాది. డిస్కు స్కాన్ తొంభై ఆరు, తొంభై తొమ్మిది, అయిపోయింది. వైరస్‌లు సున్నా, లోపాలు సున్నా. పదకొండు నలభై ఒకటికి రిపోర్టు కంపెనీకి పంపేశాను. అందినట్టు వెంటనే జవాబొచ్చింది, థాంక్యూ అని. నేను అక్కడే కూర్చున్నాను.

ఠంగ్ ఠంగ్ ఠంగ్. మూడు. నా వెనకనించే. గుమ్మంలో బావ, ఒక చేతిలో గ్లాసూ చెంచా, ఇంకో చేతిలో పలక, మెడకి నీలం గుడ్డ, ఏమైంది అన్నట్టు కనుబొమలెత్తి. నేను పక్కకి జరిగాను. చెప్పడానికి ఏదో మొదలుపెట్టాను, బావా, అది, ఆ రోజు నేను, అంటూ. ఆయన నా మాట వినడం లేదు, తెర చూస్తున్నాడు. దగ్గరికొచ్చాడు. వంగాడు. జాబితా పైనించి కిందికి వేలితో, గాజు మీద వేలు ఆనించి, ఒకటి నించీ లెక్కపెట్టుకుంటున్నట్టు. పెదవులు కదులుతున్నాయి. మెడ గుడ్డ ఊపిరికి లేస్తూ పడుతోంది. నిటారుగా నిలబడి, గ్లాసు బల్ల మీద పెట్టి, పలక మీద రాసి నా వైపు తిప్పాడు.

ఖాళీ అన్నావు.

"అన్నాను బావా. చూడకుండా అన్నాను. ఫొటో కూడా తెరవలేదు."

నా మొహంలోకి చూశాడు. ఎడాపెడా వాయిస్తాడనుకున్నాను గ్లాసుని, వాయిస్తే బాగుండేది. పలక మీది మాటని చొక్కా చేతితో తుడిచేశాడు, తుడిచినా ఆ అక్షరాలు లీలగా కనబడుతూనే ఉన్నాయి, తిరిగి రాయలేదు. లే అన్నట్టు చెంచాతో సైగ చేశాడు. లేచాను. కుర్చీలో కూర్చున్నాడు, మౌసు మీద చెయ్యి వేశాడు, బాణం గుర్తు తెరంతా తిరిగి ఎక్కడో పోయింది, మళ్ళీ తెచ్చుకున్నాడు. సాయం చెయ్యబోయి ఆగాను. స్పీకరు మీట తనే తిప్పాడు. ఒకటో వాక్యం మీద రెండుసార్లు నొక్కాడు.

"ఏమే, ఒకసారి ఇటు రా."

ప్రతి అక్షరం విడివిడిగా. రాగం లేదు, తొందర లేదు. గదిలో గోడలూ బల్లా నేనూ ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. వెనక గదిలో మిషను దడదడ మీద, పని ధ్యాసలో, తలెత్తకుండా, ముప్పై ఏళ్ళుగా ఇస్తున్న జవాబే ఇచ్చింది అక్క.

"ఆఁ ఆఁ, వస్తున్నానండీ, ఈ కాస్త దారం అయిపోనివ్వండి!"

మిషను ఇంకో నాలుగు కుట్లు వేసింది. ఆగిపోయింది.